పెళ్ళి విందుకు రాని మనిషి

"పిలుపు తెచ్చినోడివి నువ్వే గదా సామీ!" అన్నాడు చెల్లయ్య, లాకప్ కటకటాల వెనక నుంచి. "వెండి తట్టలో ఆకు వక్క పెట్టుకొని గుడిసె గుడిసెకూ నువ్వే వచ్చినావు. ఇప్పుడు నువ్వే వచ్చి, ఏమి జరిగినాది అని అడగతా ఉండావు."

డిటెక్టివ్ వెంకటకృష్ణ రాజా తన వృత్తిలో ఇలాంటి కటకటాల ముందు చాలాసార్లు నిలబడ్డాడు. హంతకులు బూతులు తిట్టారు, దొంగలు కాళ్ళు పట్టుకున్నారు. ఎవరి మాటకూ ఆయనకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. ఇవాళ మాత్రం తల దించుకున్నాడు. ఎందుకంటే చెల్లయ్య అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

ఆ శుక్రవారం వెంకటకృష్ణ అక్క కూతురు ధనం పెళ్ళి. మేనమామ కాబట్టి మదురై నుంచి ముందే దిగాడు. బావ బాలగోపాల రాజా మిల్లు వెనకున్న పొరంబోకు నేలలో కొత్త నగర్ వేసే కమిటీకి పెద్ద. ఆ పొరంబోకులోనే మిల్లు కూలీల గుడిసెలున్నాయి. రాజపాళయంలో ఏ పెళ్ళిలోనూ జరగనిది ఈ పెళ్ళిలో జరిగింది. బావ ఆ గుడిసెల వాళ్ళందరినీ భోజనానికి పిలిచాడు. మిగిలింది గంపలకెత్తి పంచడం కాదు, పెరట్లో ఆకులు వేసి పంక్తిలో కూర్చోబెట్టడం! "మేనమామే పోయి పిలిస్తే మర్యాదగా ఉంటాది తంబీ" అని అక్క చెల్లమ్మ తట్ట చేతికిచ్చి పంపింది. ఆయన పోయి పిలిచాడు. దాదాపు అందరూ వచ్చారు. పంచె ఎగగట్టి సాంబారు వడ్డించింది కూడా ఆయనే. ఊరంతా బావను మెచ్చుకుంటుంటే తనకూ కొంత వాటా ఉందని లోలోపల మురిసిపోయాడు.

వాళ్ళు తింటుండగానే అక్కడ గుడిసెలన్నీ కాలిపోయాయి. పొగ వాసన వస్తే వంటవాళ్ళ పొయ్యి అనుకున్నాడు మన డిటెక్టివ్ గారు!

మంటల్లో ఒకే మనిషి పోయింది. విందుకు రాకుండా ఉండిపోయిన వెళ్ళయమ్మాళ్. చెల్లయ్య తల్లి. మూడో రోజుకల్లా ఇన్స్పెక్టర్ వరదరాజన్ కేసు తేల్చేశాడు. చెల్లయ్య మిల్లు యూనియన్‌లో తిరిగేవాడు. కమిటీ మీద నింద వేయడానికి తన గుడిసెల వరసకు తనే నిప్పు పెట్టాడు, తల్లి లోపలున్నది ఎరగడు. విందులో లేడు, చేతులు కాలి ఉన్నాయి, ఇంకేం కావాలి? ఇవాళ సాయంత్రం శ్రీవిల్లిపుత్తూరు మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నాలుగు గంటలకు జీపు బయలుదేరుతుంది. "నువ్వూ కేసు చూసి సరే అన్నావంటే ఊళ్ళో నోళ్ళు మూతపడతాయి" అని బావే వెంకటకృష్ణను ఆపాడు. బావమరిది తన మాట కాదనడని బావ ధీమా.

"విందుకు నువ్వు ఎందుకు రాలేదు?" అన్నాడు వెంకటకృష్ణ.

"మా నాయన పోయి ఏడు తిరగలే సామీ. పెండ్లింటికి ఎట్ల వస్తాము? మా అమ్మ నీకు చెప్పినాది గదా."

చెప్పింది. తట్ట ముందుకు చాపితే ఆమె రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. 'నేను ముట్టరాదు సామీ. మీది మంచి కాలం. పెండ్లి పిల్ల చల్లంగా ఉండల్ల' అంది. అదే తెలుగు, తన ఇంట్లో మాట్లాడే తెలుగే. ఆ మాట ఆయన చెవిన పడింది గానీ మనసుకు పట్టలేదు.

"మిల్లులోంచి ఎప్పుడు బయటికి వచ్చినావు?"

"మధ్యాన్నం షిఫ్టు విడిచే సంగు ఊదినంక. గేటు దాటే ముందరే పొగ లేచి ఉండె. గేటు కావలాయన నన్ను చూసినాడు. ఆయన్ని అడగండంటే ఈ ఇన్స్పెక్టరు అడగనే లే."

"మీ ఇంటి తలుపు?"

చెల్లయ్య గుడ్డలు చుట్టిన చేతులు పైకెత్తాడు. "బయట గొళ్ళెం పెట్టి ఉండె సామీ. మా అమ్మ లోపల నుంచి తట్టతా ఉండె. ఎర్రంగా కాలిన గొళ్ళెం. దాన్ని తీయబోతేనే ఈ చేతులు ఇట్ల అయినాయి."

"బాగుంది కత!" గుమ్మంలో వరదరాజన్ నిలబడి నవ్వుతున్నాడు. ఇస్త్రీ మడత చెడని యూనిఫారం, కత్తిరించిన మీసం. "రాజా సార్, మదురైలో మొగుడూ పెళ్ళాల తగాదాలు చూసేటప్పుడు కూడా ఇట్లే అందరూ చెప్పేది నమ్ముతారా?"

"నమ్మను. చూస్తాను. కాలిన చోటు చూపించండి."

"అక్కడ బూడిద తప్ప ఏమి ఉండాది?"

"బూడిదే చూస్తాను."

* * *

మిల్లు వెనక మైదానంలో కొత్త నగర్ వీధులకు రాళ్ళు పాతి ఉన్నాయి. సున్నం కొట్టిన తెల్లటి రాళ్ళు, తాడు పట్టి గీసినట్టు తిన్నగా పోయి, కాలిన గుడిసెల దగ్గర ఆగి, అవతల మళ్ళీ తేలాయి. బావ ఇంటి హాల్లో వేలాడే నగర్ ప్లాను వెంకటకృష్ణకు గుర్తొచ్చింది. రోడ్లు ఎర్ర రంగు, మనైలు, అంటే ఇళ్ళ స్థలాలు, పసుపు రంగు, ఇదిగో ఈ చోటు మాత్రం పచ్చ రంగు. పార్కు. ఆ ప్లానులో ఇక్కడ గుడిసెలున్నట్టు ఒక్క గీతైనా లేదు. పెళ్ళినాడు చుట్టాలందరికీ దాన్ని చూపించి, 'చూడండి, మా బావ ఊరిని ఎట్ల మారుస్తాడో' అని గొప్పలు పోయింది కూడా తనే.

గుడిసెలకు ఆనుకొని రెండు వరసల వెదురు గుంజలు నల్లగా నిలబడి ఉన్నాయి. ఆస్పత్రులకు పోయే బ్యాండేజీ గుడ్డను గంజి పెట్టి ఆ గుంజలకు కట్టిన తాళ్ళ మీద బారుగా ఆరేస్తారు. బజారులో గుడ్డల వ్యాపారం చేసే శ్రీరంగన్ సరుకు అది.

వెంకటకృష్ణ ఒక గుంజ దగ్గర వంగి చాకుతో గీకాడు. తరవాత ఇంకోటి. ఆ తరవాత మరోటి.

"ఏమి సార్, వెదురు కొనేటట్టు చూస్తా ఉండారు?" అన్నాడు వరదరాజన్.

"ఈ గాడి చూడండి. ఏళ్ళ తరబడి తాడు ఒరుసుకొని పడిన గాడి. మంట వచ్చేటప్పుడు తాడు ఇక్కడే ఉండి ఉంటే, తాడు కింద కర్ర తెల్లంగా మిగలవల్ల. గాడి లోపల కూడా నల్లంగా కాలి ఉండాది. అన్ని గుంజలూ అంతే. అంటే మంటకు ముందరే ఎవరో తాళ్ళతో సహా గుడ్డ విప్పుకొని పోయినారు. ఎండ మండిపోయే మధ్యాన్నం, తడి గుడ్డ ఎవరు విప్పుతారు ఇన్స్పెక్టర్?"

వరదరాజన్ నవ్వు సగంలో ఆగింది. "పెండ్లి రోజు గదా. పని ఆపి ఉంటాడు శ్రీరంగన్."

"పని ఆపేవాడు గుడ్డ తీస్తాడు. గుంజలకు బిగించిన తాళ్ళు కూడా విప్పుకొని పోతాడా?"

వరదరాజన్ కాలిన గుడిసెల వైపు నడిచాడు.

వెళ్ళయమ్మాళ్ గుడిసెకు మోకాలెత్తు మట్టిగోడ మిగిలింది. తలుపు కాలి కింద పడి ఉంది. ఇనప గొళ్ళెం మాత్రం ఇంకా కొక్కేనికి తగిలించే ఉంది. చెల్లయ్య చెప్పింది నిజం. "కొడుకే పెట్టి ఉంటాడు" అన్నాడు వరదరాజన్. అప్పటికే కాలిన గోడ పక్కన కుప్పపడ్డ మట్టిని వెంకటకృష్ణ కర్రతో కదుపుతున్నాడు. కర్రకు ఏదో తగిలి ఖణేలుమంది.

మసిబారిన ఇత్తడి తూక్కు. అన్నం పట్టుకుపోయే గిన్నె, మూత వేడికి బిగుసుకుపోయి ఉంది. అంచు మీద మసి తుడిస్తే చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు బయటపడింది. బాలగోపాల రాజా ఇంటి పేరు.

"చూసినారా!" వరదరాజన్ గట్టిగా నవ్వాడు. "పాయసం, వడ అన్నీ ఆకులో వడ్డిస్తా ఉంటే, పెరుగన్నం దొంగిలించి దాచుకున్నారు! ఈ బుద్ధి ఉండేవాళ్ళకు పార్కు ఏమి, నగర్ ఏమి? ఇటు ఇయ్యండి సార్, అది కేసు సొత్తు."

వరదరాజన్ చెయ్యి గిన్నె మీద పడింది. వెంకటకృష్ణ వదల్లేదు. ఒక క్షణం ఇద్దరి చేతులూ దాని మీదే ఉన్నాయి. బూడిదలో ఇంకా ఏమైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటున్న ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"దొంగ సొత్తని మీరే అన్నారు. సొంతదారుకు చూపించి గుర్తు పట్టించవల్ల గదా? మా అక్కకు చూపించి తెస్తాను."

వరదరాజన్ చుట్టూ చూసి చెయ్యి తీశాడు. "సరి సార్. తొందరగా తెండి. నాలుగు గంటలకు జీపు."

* * *

బజారులో శ్రీరంగన్ అంగడి గద్దె మీద కూర్చొని గుడ్డ తానులు లెక్క చూస్తున్నాడు. వెంకటకృష్ణను చూడగానే లేచి నిలబడ్డాడు. పెళ్ళికి వచ్చి కడుపునిండా తిని, తాంబూలం కూడా తీసుకుపోయిన మనిషే.

"శుక్రవారం గుడ్డ ఎందుకు తీసినారు?"

"పెండ్లి గదా అయ్యా. పనివాళ్ళు అందరూ విందుకు పోయినారు. గుడ్డకు కావలి ఎవరు?"

"సత్రపట్టిలో మీ ఇంకో కళ్ళం ఉండాదే. అక్కడ పొద్దంతా గుడ్డ ఆరినాదంట. అడిగే వస్తా ఉండాను."

వెంకటకృష్ణ సత్రపట్టికి పోనూలేదు, ఎవరినీ అడగనూలేదు. కానీ శ్రీరంగన్ గద్దె మీద కూలబడ్డాడు.

"నా మీద కోపం వద్దయ్యా. బాలగోపాల అయ్యగారే పిలిచి చెప్పినారు. శుక్రవారం మధ్యాన్నానికి గుడ్డ, తాళ్ళు అన్నీ ఎత్తి పెట్టుకో అన్నారు."

"ఎందుకని అడిగినావా?"

"లేదయ్యా."

"తోచలేదా?"

శ్రీరంగన్ ముందున్న తాను పక్కకు నెట్టాడు. "తోచినాది" అన్నాడు. "తోచినాది కాబట్టే అడగలే. గుడిసెల్లో ఎవరూ ఉండరు, అందరూ విందులో ఉంటారు, పోయేది తాటాకులే గదా అనుకుంటిని. రోజూ ఆ గుడిసెల పిల్లలే నా గుడ్డను మేకలు తొక్కకుండా చూస్తారు. వాళ్ళకు ఒక మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలే. మూడు రోజులుగా అన్నం దిగలే అయ్యా."

గుడ్డకు కబురు పోయింది. మనుషులకు పోలేదు. వెంకటకృష్ణకు శ్రీరంగన్‌ను తిట్టాలనిపించింది, కానీ నోరు రాలేదు. శ్రీరంగన్ ఊరుకున్నాడు. తనైతే స్వయంగా పోయి, దండం పెట్టి, ఒక్కొక్క గుడిసెనూ ఖాళీ చేయించాడు. విందు అంటే అదన్నమాట. ఆ పంక్తి, ఆ ఆకులు, మేనమామ మర్యాద, అన్నీ మనుషుల్ని అక్కడినుంచి లేపడానికే. తను వడ్డించిన సాంబారు తలుచుకుంటే చేతులు కడుక్కోవాలనిపించింది.

* * *

పెళ్ళి పందిరి ఇంకా విప్పలేదు. వంటింటి వెనక వసారాలో అక్క ఒంటరిగా కూర్చొని ఉంది. వెంకటకృష్ణ తూక్కును ఆమె ముందు పెట్టాడు. చెల్లమ్మ దాన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది దొంగిలించినది కాదు గదా అక్కా?"

"కాదు తంబీ. నేనే ఇచ్చి పంపినా." ఆమె గిన్నె అంచు మీది మసిని కొంగుతో తుడిచింది. "ముసలామె రాదంట అని నువ్వు చెప్పినావు గదా. నేను పోయి మీ బావకు చెప్పినా. ఆయన ముఖం మారిపోయె. నేను చూసుకుంటా పో అనె. నాకు అప్పుడు ఏమీ తెలీదు, ధనం మీద ఆన. పావం, ఊరంతా తింటా ఉంటే ఆమె ఒకతే పస్తు ఉంటాదే అని తూక్కులో పెట్టి ఇచ్చినా. పొగ చూసినంకే అన్నీ తెలిసె. మూడు రోజులుగా ఈ నోరు తెరిచి ఒకరికీ చెప్పలే. నన్ను చూడవద్దురా నువ్వు. నన్ను చూడవద్దు."

వెంకటకృష్ణ కత్తిపీట అంచుతో మూత ఊడబెరికాడు. లోపలున్నది నల్లగా మాడి, అడుగున మాత్రం తెల్లగా మిగిలింది. పుల్లటి వాసన. ఆవాలు. ఒక మూల నారింజకాయ ఊరగాయ ముక్క.

"పెరుగన్నం" అన్నాడు నెమ్మదిగా.

"ఆమా. ఏడు తిరగని ఇంటికి తీపి పంపరాదు గదా. పాయసం పెట్టలే. నేనే చేత్తో కలిపి పెట్టినా."

వెంకటకృష్ణ మూతను చేతిలో తిప్పి చూశాడు. బిగుసుకుపోయిన మూత ఇప్పుడే ఊడింది. మంట తరవాత ఈ గిన్నె లోపల ఏముందో చూసిన మనిషి లేడు. పెళ్ళి వంటలో పెరుగన్నం లేనే లేదు. మరి ఇందాక బూడిదలో నిలబడి 'పెరుగన్నం దొంగిలించారు' అన్న మనిషికి ఎట్లా తెలిసింది?

"అక్కా, దీన్ని ఎవరి చేతికి ఇచ్చినావు?"

"ఎవరి చేతికి అంటే? బందోబస్తుకు వచ్చినాడే, వరదరాజన్ చేతికే. నేనే పోయి ఆమెను బయటికి తెస్తా అక్కా అన్నాడు. ఏమి పెట్టినారు అని మూత తీసి చూసినాడు కూడా. కొత్త నగర్లో వాడికీ ఒక మూల మనై ఉండాదిరా."

అంతా ఒక్కసారిగా తేటతెల్లమైంది. వరదరాజన్ అన్నం పట్టుకొని వెళ్ళాడు. ఆమె బయటికి రానంది. శుభం జరిగే వేళ తన ముఖం వీధిలో కనిపించకూడదని ఆమె పట్టింపు. నిప్పు పెట్టడానికి వచ్చిన మనుషుల్ని ఆమె చూసి ఉంటుంది. అప్పుడు గొళ్ళెం బయట పెట్టిన చెయ్యి, ఇందాక తనతో గిన్నె కోసం పెనుగులాడిన చెయ్యే. ఆ మనిషి అధీనంలోనే ఇప్పుడు చెల్లయ్య ఉన్నాడు. గొళ్ళెం బయట పెట్టి ఉందని చెప్పగలిగిన ఒకే ఒక సాక్షి.

"మెజిస్ట్రేటు ముందు ఈ మాట చెప్తావా అక్కా?"

చెల్లమ్మ తల ఎత్తలేదు. "కట్టుకున్నోడి మీద ఎట్ల చెప్పేదిరా?"

"ఎవరి మీద ఏమి చెప్పేది?"

హాల్లోంచి వచ్చే గుమ్మంలో బాలగోపాల రాజా నిలబడి ఉన్నాడు. పట్టు పంచె, నుదుటి మీద చెదరని నామం. గొంతులో కోపం లేదు. ఆయన కళ్ళు మాత్రం గిన్నె మీదే ఉన్నాయి.

"ఒక ముసలామె కోసం ఇంత రచ్చ ఎందుకు తంబీ? ఎవరికీ దెబ్బ తగలరాదనే గదా అంత ఖర్చు పెట్టి విందు చేసినాను. తళవాయిపురం దోవలో వాళ్ళకు కొత్త లైను ఇండ్లు కట్టి ఇస్తామని కమిటీలో మాట కూడా అయినాది. అంతా సరిగానే పోతా ఉండె. కూడు పెడతామంటే రాకుండా ఉండేవాళ్ళు ఉంటారని ఎవరికి తోస్తాది చెప్పు?"

"వాళ్ళకూ చావు ఉంటాది, చావుకు పట్టింపు ఉంటాది అని తోచలేదా బావా?"

బావ నిజంగానే ఆలోచించాడు. "తోచలే" అన్నాడు. అది అబద్ధం కాదు. వెంకటకృష్ణకు ఎక్కువ సిగ్గేసింది అందుకే. తనకు ఆ ముసలామె ముఖాన చెప్పినా తోచలేదు.

"నేను శ్రీవిల్లిపుత్తూరుకు పోతా ఉండాను" అని గిన్నె చేతిలోకి తీసుకున్నాడు.

"పోవచ్చులే. ఆకు ఏసి ఉండారు. కూచో, భోంచేసి పోదువు."

వసారా చివర నిజంగానే ఆకు వేసి ఉంది. పక్కన నీళ్ళ చెంబు. వెంకటకృష్ణ ఆ ఆకును చూశాడు, బావ ముఖం చూశాడు. ఈ ఇంట్లో భోజనానికి కూర్చోమన్నారంటే ఆ వేళ ఇంకెక్కడో ఏదో జరుగుతున్నదన్నమాట.

"జీపు నాలుగు గంటలకు గదా?" అన్నాడు. హాల్లో గడియారం ఇంకా మూడున్నర కూడా చూపించడం లేదు.

"నాలుగు దాకా ఎవరు కాచుకొని ఉంటారు? అప్పుడే పోయినాది" అన్నాడు బావ. "నువ్వు శ్రీవిల్లిపుత్తూరుకు పోయినా ఏమీ లాభం లేదు. జీపు ఆ పక్కకు పోలే. ఖైదీ పారిపోజూస్తే పోలీసులు ఏమి చేస్తారు, పావం, వాళ్ళకూ రూల్సు ఉండాయి."

చెల్లమ్మ లేచింది. వడ్డించని ఆకు దగ్గరికి పోయి, వంగి, తిని లేచినవాళ్ళు మడిచినట్టు దాన్ని మడిచింది.

"చెల్లా!" అన్నాడు బావ. ఆ ఇంట్లో ఆ పిలుపుకు ఆమె ఎప్పుడూ ఆగేది. ఇవాళ ఆగలేదు.

"ఇందాక ఫోను వచ్చినప్పుడు విన్నా తంబీ, అప్పుడు అర్థం కాలే. అయ్యనారు కోయిల్ దోవే మేలు అన్నారు ఈయన. కొండ కింద అడవి దోవ." తమ్ముడి చేతిలోని గిన్నెను ఆమె తన చేతిలోకి తీసుకుంది. "కారు తీయమని చెప్పు, నేనూ వస్తా. ఆ పిల్లోడి తల్లికి పంపిన కూడు ఎవరి చేతికి ఇచ్చినానో ఆ పిల్లోడి ముందర చెప్పవల్ల. వాడు బతికి ఉండంగా చెప్పవల్ల."

చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె పెళ్ళి పందిరి దాటింది. వెనకే వెంకటకృష్ణ పరిగెత్తాడు. అడవి దోవన జీపు పోయి అప్పటికే అరగంట అయింది.